ఎస్‌ఎస్‌ని ఎంఎస్‌తో అతికేటప్పుడు పచ్చి పులుసు లెక్క

పరకాల దిక్కు రైస్‌మిల్లు పనులు చేసే తమ్ముడొకడు అడిగిండు, "అన్నా, ఎస్‌ఎస్ హాపర్‌కి ఎంఎస్ యాంగిల్ మిగ్‌తో అతికితే నడుమ సన్నగా పగుల్తుంది, కరెంట్ సాల్తలేదా?" అని. ఎస్‌ఎస్ అంటే స్టెయిన్‌లెస్ స్టీల్, ఎంఎస్ అంటే మామూలు మైల్డ్ స్టీల్, మిగ్ అంటే మెషిన్ నుంచి వైర్ వస్తూ కరిగి అతికే కరెంట్ వెల్డింగ్. చాలాసార్లు కరెంట్ ఎక్కువై పగుల్తది, లేకుంటే వైరే తప్పు.

అసలు సంగతి డైల్యూషన్. వైర్ ఒక్కటే కరగదు, రెండు పక్కల లోహం కూడా కరిగి అండ్ల కలుస్తది, మిగ్‌లో అతుకులో 20 నుంచి 40 శాతం దాకా అట్ల వచ్చిందే ఉంటది. 304 అనే రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 18, నికెల్ 8 శాతం, ఎంఎస్‌లో రెండూ దాదాపు సున్నా. చుట్టాలు ఇంకా వస్తరని తెలిస్తే పచ్చి పులుసుకి చింతపండు ముందే చిక్కగా పిసుకుతం కదా, తర్వాత నీళ్ళు పోసినా పులుపు నిలవాలని, 309ఎల్ వైర్‌ని అట్లనే తయారుచేసిన్రు: క్రోమియం 24, నికెల్ 13 దాకా. డైల్యూషన్ 30 శాతం, రెండు దిక్కుల నుంచి చెరిసగం అనుకో. క్రోమియం 0.7×24 + 0.15×18, అంటే 19.5. నికెల్ 10.3. మంచి స్టెయిన్‌లెస్సే! అదే వైర్‌తో వేడి పెంచి 60 శాతం కరిగిస్తే క్రోమియం 15కీ నికెల్ 7.6కీ పడిపోతయి, పులుసు నీళ్ళైపోయింది, చల్లారేటప్పుడు మార్టెన్‌సైట్ అనే గట్టి పెళుసు రూపం పుడతది. క్రోమియం, నికెల్ ఎంతుంటే అతుకులో ఏ రూపం పుడతదో చూపెట్టే, 1949లో షాఫ్లర్ అనే ఆయన గీసిన పటంలో ఈ హద్దులన్నీ కనపడ్తయి, ఐటిఐ పిల్లలకు ఆ ఒక్క పటం ముందు చూపిస్తే ఎంత బాగుండు! రాగి పూత ఉన్న మామూలు ఎంఎస్ వైర్ వాడితే అదే 30 శాతం లెక్కన క్రోమియం 2.7కి మించదు, చింతపండు మర్చిపోయిన పులుసే.

మిగ్ మెషిన్‌లో వైర్ ఫీడ్ పెంచితే కరెంటే పెరుగుతది, లోతుకు దిగుతది. టార్చ్ మూతి (టిప్) నుంచి వైర్ కొంచెం పొడుగ్గా పెడితే అదే ఫీడ్‌కి కరెంట్ తగ్గుతది. ఆర్క్‌ని ఎంఎస్ మీదికి గుచ్చిపెట్టొద్దు, అక్కడ కరిగినకొద్దీ నీళ్ళే కలుస్తున్నయ్. అతుకుకి గాలి తగలకుండా వదిలే గ్యాస్‌గా ఉత్త సీవోటూ వద్దు, కార్బన్ ఎక్కుతది, ఆర్గాన్‌లో 2 శాతం సీవోటూ కలిపింది మంచిది.

ఇంకొకటి, అతుకుకి అయస్కాంతం అంటుకుంటే వైర్ డూప్లికేట్ అని మిల్లులల్ల గట్టి నమ్మకం. 309ఎల్ అతుకులో ఫెర్రైట్ అనే ఇంకో లోహ రూపం కొంత కావాలనే ఉంచుతరు, గడ్డకట్టేటప్పుడు పగలకుండా, అది అయస్కాంతాన్ని గుంజుతది. మార్టెన్‌సైట్ కూడా గుంజుతది, పక్కనున్న ఎంఎస్ సరేసరి, అందుకే ఆ పరీక్షతో ఏదీ తేలదు. అదే సెట్టింగ్‌తో రెండు తుక్కు ముక్కలు అతికి వైస్‌లో పెట్టి వంచి, పగుల్తదో లేదో చూడు.