దోస్తోయెవ్‌స్కీ నిజంగా అలా అన్నాడా?

డిగ్రీ పిల్లలకు నవల పాఠం చెప్పడం నా పని. మనిషి స్వభావం మీద వ్యాసం రాయమంటే చాలు, సగం పేపర్లలో రష్యన్ నవలాకారుడు దోస్తోయెవ్‌స్కీ కొటేషన్ ఒకటి దిగిపోతుంది. ఏ నవల, ఎవరు ఎవరితో అన్నారు అని అడిగితే నేల చూపులు. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మ మీద ఆ సంగతి ఉండదు మరి.

అపోహ: "మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు" అనేది మనుషుల మీద ఆయన తీర్పు.

వాస్తవం: ఈ మాట ఆయన రెండు నవలల్లో ఉంది, రెండు అర్థాలతో. సైబీరియా జైలు నవలలో కథ చెప్పే ఖైదీ అంటాడు. కాళ్లకు సంకెళ్లతో నాలుగేళ్లు ఓమ్‌స్క్ జైల్లో గడిపిన రచయిత రాసిన మాట కాబట్టి, అక్కడ అది తట్టుకోవడం గురించి.

1866 నాటి 'నేరము-శిక్ష'లో అదే మాట చేదెక్కింది. తాగుబోతు మర్మెలాదోవ్‌ని కథానాయకుడు రస్కోల్నికోవ్ ఇంటికి దిగబెడతాడు. కూతురు సోన్యా ఒళ్లమ్ముకుని తెచ్చే డబ్బుతో గడుస్తున్న ఇల్లది. జేబులోని చిల్లర ఎవరూ చూడకుండా కిటికీలో పెట్టి బయటపడతాడు. మెట్లు దిగుతూనే 'ఎందుకిచ్చాను, వాళ్లకు సోన్యా ఉందిగా' అని నొచ్చుకుంటాడు. ఏడ్చారు, తర్వాత అలవాటు పడ్డారు, నీచుడు మనిషి దేనికైనా అలవాటు పడతాడు అనుకుంటాడు. కొటేషన్ ఇక్కడితో ఆగుతుంది, నవల ఆగదు. ఆ వెంటనే, 'ఒకవేళ నేను పొరబడితే? మనిషి నీచుడు కాకపోతే?' అంటాడు. అలాగైతే అడ్డుగోడలే లేవు కదా అని, తను చేయబోయే హత్యకు అక్కడే దారి వెతుక్కుంటాడు. పాఠం చెప్పేటప్పుడు నేను ఈ పేజీ దగ్గరే ఒక పీరియడ్ ఆగిపోతాను.

అపోహ: "దేవుడు లేకపోతే అన్నీ చెల్లుతాయి" అనేది ఆయన సిద్ధాంతం.

వాస్తవం: అది 'కరమజోవ్ సోదరులు' నవలలో ఆ సోదరుల్లో ఒకడైన ఇవాన్ ఆలోచన. అది కూడా ఎక్కువగా పక్కవాళ్ల నోట వినిపిస్తుంది. దాన్ని తలకెక్కించుకున్న నౌకరు హత్య చేస్తాడు, ఇవాన్‌కి మతి చెదురుతుంది. రచయిత మాత్రం క్రీస్తును నమ్మినవాడు. శకుని మాటల్ని వ్యాసుడి ఖాతాలో వేస్తామా?

ఆయన సొంత మాటే కావాలంటే 1849 డిసెంబరు ఉత్తరం చదవండి. తుపాకుల ముందు నిలబెట్టి, చివరి క్షణంలో మరణశిక్ష తప్పించిన రోజునే అన్నకు రాశాడు: ఎక్కడున్నా బతుకు బతుకే, అది మనలోనే ఉంది, బయట లేదు. పరీక్ష పేపర్లో ఇది రాసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

అపోహ: ఆయనవన్నీ ఏడుపు కథలే.

మొసలి మింగిన ఉద్యోగి దాని కడుపులోంచే ఉపన్యాసాలు దంచే కథ కూడా ఆయనదే. 1865లో రాశాడు.

అపోహ: జీవితాన్ని తీరిగ్గా మథించి రాశాడు.

అంత తీరికెక్కడిది! 1866లో అప్పుల ఒత్తిడి. గడువులోగా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లు తన రచనలన్నీ ఊరికే అచ్చేసుకునే హక్కు ప్రచురణకర్తకు పోతుంది. షార్ట్‌హ్యాండ్ తెలిసిన అన్నా అనే అమ్మాయిని పెట్టుకుని 'జూదరి'ని 26 రోజుల్లో చెప్పి రాయించాడు. మరుసటి ఫిబ్రవరిలో ఆ అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు.