లియోన్ దీపాల పండుగ: గేట్ల వెనక కథ

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో డిసెంబరు దగ్గర పడేసరికి ఒక పాత గొడవ మళ్లీ మొదలవుతుంది. నాలుగు రాత్రుల పాటు ఊరి నడిబొడ్డున జరిగే దీపాల పండుగ, ఫెత్ దే ల్యుమియేర్, ఇంకా ఫ్రీగానే ఉండాలా? కనీసం బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల దగ్గరైనా టికెట్ వసూలు చేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. దీపానికి టికెట్ ఏమిటని మిగతావాళ్లు మండిపడతారు.

పండుగ పుట్టుక కథ ఆ ఊళ్లో బడిపిల్లలకి కూడా కంఠతా వచ్చు. 1852లో ఫుర్వియేర్ కొండ మీద మేరీమాత విగ్రహం పెట్టాలనుకున్నారు. సోన్ నది వరద వల్ల సెప్టెంబరులో అనుకున్న ముహూర్తం డిసెంబరు 8కి వాయిదా పడింది. ఆ రోజు కూడా తుపాను వచ్చింది. సాయంత్రానికి మబ్బు విడిపోతే జనం ఎవరికి వారే కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగించారు. ఇవాళ్టి గొడవకు దీనితో నేరుగా పనిలేదు. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ దీపాలు ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకున్నవి, ఏ ఆఫీసూ పెట్టించినవి కావు. గాజు గ్లాసులో చిన్న కొవ్వొత్తి పెట్టి కిటికీ గట్టు మీద వరసగా పేరుస్తారు. వాటిని లుమిన్యోన్లు అంటారు. మన వాకిళ్లలో కార్తీక దీపాలు ఎలాగో అక్కడ అవి అలాగ.

మునిసిపాలిటీ చేయి పడింది చాలా తర్వాత. 1989లో మేయర్ మిషెల్ న్వార్ హయాంలో లైటింగ్ ప్లాన్ తెచ్చి వంతెనలకు, పాత భవనాలకు ఏడాది పొడవునా ఉండే దీపాలు అమర్చారు. పదేళ్ల తర్వాత, ఒకప్పుడు దేశ ప్రధానిగా చేసిన రేమోం బార్ మేయర్‌గా ఉండగా, 1999లో ఒక్క సాయంత్రపు ఆనవాయితీ కాస్తా కొన్ని రాత్రుల ఉత్సవంగా మారింది. కళాకారులొచ్చారు. తెర్రో కూడలిలో, సెయింట్ జాన్ కెథడ్రల్ గోడ మీద వీడియో ప్రొజెక్షన్లు మొదలయ్యాయి. హోటళ్లు నిండాయి. 2002లో లియోన్ చొరవతోనే లైటింగ్ మీద పనిచేసే నగరాలకు లూసీ పేరుతో ఒక అంతర్జాతీయ కూటమి ఏర్పడింది. చాలామంది విశ్లేషకులు పండుగ మారిపోయింది ఇక్కడే అంటారు. నాకు అలా అనిపించదు. 1999 తర్వాత కూడా జనం వంతెన దాటి వచ్చి, చూసి, వెళ్లేవారు. అడిగేవాడు లేడు, ఆపేవాడు లేడు. అసలు మలుపు 2015, 2016ల మధ్య ఉంది.

2015 నవంబరు 13న పారిస్‌లో ఉగ్రదాడులు జరిగి 130 మంది చనిపోయారు. పండుగకి ఇంకా మూడు వారాలే టైముంది. అప్పటి మేయర్ జెరార్ కొలోంబ్ ఉత్సవం రద్దు చేశారు. అప్పట్లో నాలుగు రాత్రులకు కలిపి 30 లక్షలకు పైగా సందర్శనలు ఉంటాయని అధికారులే చెప్పేవారు. లియోన్ నగర జనాభా ఐదు లక్షల చిల్లర. అంతమందిని ఆ టెన్షన్‌లో సందుగొందుల మధ్య నడిపించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ప్రొజెక్షన్లు ఆగాయి. చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కిటికీల్లో దీపాలు పెట్టమని మేయర్ కోరారు, జనం పెట్టారు. ఒక పేరు కింద రెండు పండుగలు నడుస్తున్నాయని ఊరికి ఆ ఏడాది కళ్లారా తెలిసింది. ఒకటి మునిసిపాలిటీది, రద్దు చేస్తే ఆగిపోతుంది. రెండోది ఇళ్లది, ఆపడం ఎవరి వల్లా కాదు. 2020లో కోవిడ్ వల్ల ఉత్సవం మళ్లీ రద్దయినప్పుడు కూడా కిటికీ దీపాలు వెలిగాయి.

పారిస్ దాడుల తర్వాతి ఏడాది, అంటే 2016లో, పండుగ తిరిగొచ్చింది, కానీ గేట్లతో. 2016 జులైలో నీస్‌లో జనం మీదికి లారీ తోలిన ఘటన అందరి మనసులో ఉంది. రాత్రులు నాలుగు నుంచి మూడుకి తగ్గాయి. రోన్, సోన్ నదుల మధ్య నాలుకలా ఉండే ప్రెస్కీల్ ప్రాంతాన్ని, దాని పక్కనున్న పాత లియోన్‌ని కలిపి భద్రతా వలయంగా ప్రకటించారు. ఆ ఊరి నైసర్గిక స్వరూపం పోలీసులకి కలిసొచ్చింది. రెండు వైపులా నదులే కాబట్టి వంతెనల దగ్గర, కొన్ని వీధుల మొదట్లో మనుషుల్ని నిలబెడితే లోపలికి వచ్చే ప్రతి బ్యాగూ చూడొచ్చు. వాహనాలు బంద్. మధ్యలోని కొన్ని మెట్రో స్టేషన్లు సాయంత్రాలు మూసేస్తారు. 2017లో నాలుగో రాత్రి తిరిగొచ్చింది, గేట్లు మాత్రం పోలేదు.

టికెట్ చర్చకి పునాది ఈ గేట్లే. అంతకుముందు ఎవరైనా టికెట్ అంటే నవ్వి ఊరుకునేవారు, ఎందుకంటే ఊరికి తలుపు లేదు. తలుపు పెట్టాక దాని దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. అతను బ్యాగు చూడగా లేనిది టికెట్ ఎందుకు చూడకూడదనే ఆలోచన సులువుగా పుట్టింది. పైగా ఆ మనిషి జీతం, బారికేడ్ల అద్దె, అదనపు సెక్యూరిటీ, ఇవన్నీ కొత్త ఖర్చులు. పండుగ బడ్జెట్‌లో పెద్ద వాటా ప్రైవేటు కంపెనీలు ఇస్తాయి, మిగతాది నగర ఖజానా. భద్రతకి పోయే డబ్బు కళకి తగ్గుతుందని కళాకారుల వైపు నుంచి వినిపిస్తుంది. ఇప్పుడు కళాకృతుల సంఖ్య దాడులకు ముందుతో పోలిస్తే బాగా తక్కువన్నది నిజమే.

టికెట్ కోరేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. హోటళ్లు ఆ వారం రేట్లు పెంచేస్తాయి, బస్సుల్లో టూరిస్టులు దిగుతారు, చెత్త ఎత్తేది, పన్ను కట్టేది స్థానికులు. కాబట్టి వచ్చేవాళ్లు కొంత భరించాలి.

ఫ్రీగా ఉంచాలనేవాళ్లు చెప్పేది ఇంకొంచెం లోతుగా వినాలి. వాళ్లకి ఇది మ్యూజియం కాదు, వీధి. ప్రెస్కీల్‌లో ఉండే ముసలమ్మ మందుల షాపుకి వెళ్లి రావాలన్నా ఆ గేటు దాటాల్సిందే. శివార్లలో అద్దెకుండే కుటుంబం పిల్లల్ని తీసుకొచ్చేది ఏడాదిలో ఈ ఒక్క రాత్రికే కావచ్చు. నలుగురికి టికెట్ అంటే వాళ్లు ఇంట్లోనే ఆగిపోతారు. ఇక భక్తుల సంగతి. డిసెంబరు 8 వాళ్లకి వ్రతం లాంటి రోజు. ఫుర్వియేర్ కొండ మీద ‘థాంక్యూ మేరీ’ అని అర్థం వచ్చే పెద్ద అక్షరాలు వెలుగుతాయి. అది మునిసిపాలిటీ కార్యక్రమంలోది కాదు. కిటికీలో తానే దీపం పెట్టినవాడు దాన్ని వీధిలోంచి చూడటానికి డబ్బు కట్టాలా అనేది వాళ్ల ప్రశ్న. దీనికి టికెట్ కోరేవాళ్ల వైపు నుంచి గట్టి జవాబు నేను వినలేదు.

2020లో పర్యావరణవాద పార్టీ తరఫున గ్రెగరీ దూసే మేయరయ్యాక చర్చలోకి కరెంటు కూడా వచ్చింది. 2022 చలికాలంలో యూరప్ అంతా కరెంటు రేట్లతో అల్లాడుతుంటే దీపాల పండుగ అవసరమా అని కొందరు అడిగారు. ఎల్‌ఈడీలు వచ్చాక నాలుగు రాత్రుల వాడకం ఊరి వీధి దీపాల ఏడాది లెక్కలో చాలా చిన్నది. పండుగ జరిగింది, ఫ్రీగానే జరిగింది. ఇటీవలి సంవత్సరాల్లో అధికారులు చెప్పే సంఖ్య దాదాపు 20 లక్షల సందర్శనలు. ఒకే మనిషి రెండు రాత్రులు వస్తే రెండుగా లెక్క, కాబట్టి ఈ అంకెల్ని పట్టుకుని అతిగా వాదించుకోనక్కర్లేదు.

మిగతా ఊళ్లు వేరే దారులు చూశాయి. ఇంగ్లండ్‌లోని డరమ్ 2009లో ఇలాంటి ఉత్సవం మొదలుపెట్టింది. ఇరుకైన పాత ఊళ్లో తొక్కిసలాట భయం పట్టుకోవడంతో రద్దీ గంటలకి ముందే బుక్ చేసుకునే టికెట్లు పెట్టింది. అయితే అవి ఉచిత టికెట్లు. సిడ్నీలో వివిడ్ ఉత్సవం 2023లో బొటానిక్ గార్డెన్ భాగానికి డబ్బు టికెట్ పెట్టింది. అంతకుముందు అక్కడ జనం ఊరికే నడిచి వెళ్లేవారు, అందుకే విమర్శలు వచ్చాయి. అయినా తోటకి కంచె ఉంటుంది, రాత్రి అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ప్రెస్కీల్‌లో ఇళ్లున్నాయి, రెస్టారెంట్లున్నాయి, నైట్ షిఫ్టుకి పోయేవాళ్లున్నారు. వంతెన దగ్గర వాళ్లని, టూరిస్టుని ఎలా వేరు చేస్తారు, ఎవరికి పాస్ ఇస్తారు, ఆ పాస్‌లు చూసేందుకు ఇంకెంతమందిని పెడతారు? టికెట్ వాదనల్లో రాబడి లెక్కే గానీ ఈ లెక్క కనిపించదు.