తాగుడు, మనసు జబ్బు: ఇంటివాళ్లు నమ్మే అపోహలు, అసలు సంగతులు

నేను హనుమకొండలో కుటుంబాలకు కౌన్సెలింగ్ చేస్తాను. తాగే మనిషి కంటే ముందు అతని భార్యో, తల్లో, తమ్ముడో వస్తారు. పరకాల నుంచి, జనగామ నుంచి, భూపాలపల్లి నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. అప్పటికే చుట్టాలు, పక్కింటివాళ్లు తలా ఒకటి చెప్పి ఉంటారు. ఆ మాటలు నమ్మి ఏళ్ల తరబడి ఆగిపోయిన ఇండ్లు చాలా ఉన్నాయి. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతా 37 మంది ఇండ్లల్లో ఎవరో ఒకరు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

అపోహ: "వానికే బుద్ధి రావాలె. అప్పటిదాక మనం ఏం చేసినా దండుగ."

ఇంటివాళ్లకు ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మనిషి పూర్తిగా దెబ్బతిని, అన్నీ పోగొట్టుకుని తనంతట తానే వస్తాడని కూర్చుంటే ఈలోపు లివర్ పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

1999లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. చికిత్సకు ససేమిరా అన్న తాగుబోతుల కుటుంబాలకు మూడు రకాలుగా సాయం చేసి చూశారు. అందరూ కలిసి ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో 30 శాతం మంది చికిత్సకు వచ్చారు. ఇంటివాళ్లు తమ మనసు తాము చూసుకుంటూ అతన్ని వదిలేయమన్న పద్ధతిలో 13 శాతం మంది వచ్చారు. ఎప్పుడు, ఎలా మాట్లాడాలో ఇంటివాళ్లకు నేర్పిన పద్ధతిలో మాత్రం 64 శాతం మంది వచ్చారు. నిలదీయమన్న కుటుంబాల్లో చాలామంది చివరి నిమిషంలో వెనక్కి తగ్గారు. కన్నవాళ్లకు, కట్టుకున్నవాళ్లకు అది అంత తేలిక కాదు మరి.

నేర్పేది పెద్ద విద్యేమీ కాదు. తాగి ఉన్నప్పుడు మాట్లాడొద్దు. తెల్లారి తలనొప్పితో లేచినప్పుడు దులపొద్దు. తాగని పూట, పిల్లలు దగ్గర లేనప్పుడు, చిన్నగా మాట్లాడండి. "నువ్వు మమ్మల్ని నాశనం చేసినవ్" అనే బదులు "మొన్న రాత్రి నువ్వు బండి మీద నుంచి పడ్డప్పుడు నాకు చేతులు కాళ్లు ఆడలేదు. డాక్టర్ దగ్గరికి ఒక్కసారి పోదాం, నేను తోడొస్త" అనండి. తాగని సాయంత్రం అతనితో కలిసి తినండి, నవ్వండి. తాగిన సాయంత్రం పక్కకు తప్పుకోండి. బెల్ట్ షాపు అప్పు మీరు తీర్చొద్దు. డ్యూటీకి పోకపోతే జ్వరమని మీరు ఫోన్ చేయొద్దు.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. "సరే, పోదాం" అనే మాట ఎక్కువసేపు నిలవదు. తెల్లారేసరికి మనసు మారిపోతుంది. అందుకే ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది, ఎన్ని గంటలకు చీటీ రాస్తారు, ఎవరు తోడు వస్తారు అన్నవి ముందే కనుక్కుని పెట్టుకోండి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలోనే మానసిక వైద్య విభాగం ఉంది.

అపోహ: "మాల వేసుకుంటే 41 రోజులు ముట్టలేదు. ఇది జబ్బెట్లయితది? ఒట్టి పొగరు."

మాల వేసుకుని మానినవాళ్లను నేనూ చూశాను. ఆ భక్తిని తక్కువ చేయను. నియమం, తోటి స్వాముల తోడు, ఇంట్లో దొరికే గౌరవం నిజంగానే పనిచేస్తాయి. మాల తీసిన రోజు ఆ మూడూ ఒక్కసారే పోతాయి, కోరిక మాత్రం మెదడులో అలాగే ఉంటుంది. మాల తీయడానికి వారం ముందే డాక్టర్‌ను కలిస్తే ఆ 41 రోజులు మంచి పునాది అవుతాయి.

ప్రమాదం మాల వేసుకునే రోజున కూడా ఉంది. రోజూ పొద్దుటి నుంచే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య ఎవరో వచ్చినట్టు, పురుగులు పాకుతున్నట్టు కనబడటం, మనుషులను గుర్తుపట్టకపోవడం జరగొచ్చు. దాన్ని చూసి గాలి సోకిందనో, బాణామతి అనో దర్గాకో గుడికో తీసుకెళ్తారు. మొక్కు తర్వాత తీర్చుకోవచ్చు. ఆ స్థితిలో ముందు ఆసుపత్రికే పోవాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. బి1 విటమిన్ ఇంజెక్షన్, వణుకును అదుపు చేసే మందులు డాక్టర్ చూసుకుంటూ ఇస్తే చాలామంది వారం లోపే తేరుకుంటారు.

"మావోడు కల్లే తాగుతడు, మందు కాదు" అంటారు. చెట్టు కల్లు వేరు. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు కలిపిన కల్లు వేరు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అది దొరక్కపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు చాలామంది ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రుల పాలయ్యారు. కల్లు మానేవాళ్లకు కూడా డాక్టర్ కావాలి.

అపోహ: "తెలియకుండ అన్నంల కలిపి పెడితే మానేస్తడు."

దయచేసి చేయొద్దు. అలా కలిపే మందుల్లో డైసల్ఫిరామ్ ఒకటి. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి డాక్టర్ రాస్తే మంచి మందే. ఆకుపసరు పేరుతో అమ్మే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు.

అపోహ: "పెండ్లి చేస్తే బాగైతడు."

కాడు. ఒక ఆడపిల్ల బతుకు కూడా పోతుంది. తాగుడైనా, స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినబడే, లేనిపోని అనుమానాలు పుట్టే మనసు జబ్బు) అయినా ముందు చికిత్స. పెండ్లి మాట వచ్చినప్పుడు అవతలివాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాలి.

అపోహ: "చేతులు కాళ్లు కట్టి మందు మాన్పించే సెంటర్‌ల పడేస్తే అయిపోతది."

2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గొలుసులతో కట్టడం నేరం. మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలూ ఈ చట్టం కిందికే వస్తాయి. మనిషి తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉండి, తన మంచిచెడ్డలు తాను తేల్చుకోలేకపోతే, ఇంటివాళ్లలో ఒకరు దరఖాస్తు చేయవచ్చు. ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి ఒప్పుకుంటే 30 రోజుల వరకు చేర్చుకుంటారు. అంటే దారి ఉంది, దానికి పద్ధతీ ఉంది.

సెంటర్‌ను ఎంచుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ చూపించమనండి. డాక్టర్ ఎన్నిసార్లు వస్తారో అడగండి. "నెల దాకా చూడొద్దు, ఫోన్ చేయొద్దు" అనే చోట చేర్పించొద్దు. గంజాయి విషయంలో పోలీసు కేసు భయంతో పిల్లలను దాచిపెట్టే తల్లిదండ్రులు ఎక్కువ. కొద్ది మొత్తంతో పట్టుబడిన బానిసలు తమంతట తాము చికిత్సకు వస్తే కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్, 64ఏ, మత్తుపదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది.

అపోహ: "మనసు జబ్బు మందులు అలవాటైపోతయి, తగ్గినంక ఆపేయాలె."

నిద్రమాత్రల్లో కొన్ని అలవాటవుతాయి, నిజమే. డిప్రెషన్‌కు, స్కిజోఫ్రేనియాకు వాడే ముఖ్యమైన మందులు అలా కాదు. జబ్బు తగ్గిందని ఇంటివాళ్లే ఆపేయడం వల్ల తిరగబెట్టి వచ్చే కేసులు చాలా ఎక్కువ. ఎప్పుడు తగ్గించాలో డాక్టర్‌నే అడగండి.

అపోహ: "సెంటర్ నుంచి వచ్చిండు, ఇగ టెన్షన్ లేదు."

నా పనిలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతుంది. చికిత్స తర్వాత ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారు. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు మందులు మానేసి తిరగబెట్టుకునేది కూడా దాదాపు ఇంతే. మళ్లీ తాగాడంటే డబ్బంతా వృథా అయినట్టు కాదు. ఒకరోజు తాగితే మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, నెల ఆగొద్దు.

మన దగ్గర పెండ్లికీ, దసరాకూ, చావుకూ, దినాలకూ మందు ఉంటుంది. "ఒక్క పెగ్గేగా బావా" అనేది బయటివాళ్లు కాదు, సొంత బామ్మర్దులే. ఏ దావత్‌కు పోవాలి, ఎంతసేపు ఉండాలి, పక్కన ఎవరు ఉండాలి అన్నది ముందురోజే ఇద్దరూ కూర్చుని అనుకోండి. మొదటి దసరాకు అసలు ఊరే పోకపోయినా తప్పులేదు. పెద్దవాళ్లు నొచ్చుకుంటే నొచ్చుకుంటారు.

ఇంట్లో కూడా ఒక మార్పు కావాలి. వచ్చిన రోజు నుంచి నోరు వాసన చూడటం, జేబులు వెతకడం, పాత లెక్కలు తీయడం మొదలవుతుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఎప్పుడూ తప్పులెంచే ఇంట్లో, మితిమీరి కాపలా కాసే ఇంట్లో స్కిజోఫ్రేనియా లాంటి మనసు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని ఇంగ్లండ్‌లో 1960ల నుంచి జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మాత్ర ఇచ్చే బాధ్యత ఒకరు తీసుకోండి. డబ్బు సంగతి ఇద్దరూ ఒప్పుకుని రాసుకోండి. ఆ తర్వాత అతన్ని మనిషిగా చూడండి, ఇంటి పనుల్లో అభిప్రాయం అడగండి.

అపోహ: "జబ్బు ఆయనకు. నాకెందుకు కౌన్సెలింగ్?"

పదేళ్లు రాత్రిపూట గేటు చప్పుడుకు ఉలిక్కిపడిన మనిషికి నిద్ర దానంతటది తిరిగిరాదు. చదువులో వెనకబడ్డ పిల్లాడు, తల్లి బాధ్యతలన్నీ మోస్తున్న పెద్ద బిడ్డ కూడా మాట్లాడాల్సినవాళ్లే. కొట్టే ఇంట్లో సర్దుకుపొమ్మని నేను చెప్పను. ముందు మీరూ పిల్లలూ భద్రంగా ఉన్నచోటికి వెళ్లండి, 181కి ఫోన్ చేయండి. మనసు బాగాలేనప్పుడు టెలీ మానస్ 14416కు ఏ వేళైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మాన్పించడం గురించి అడగాలంటే 14446. అతను రానన్నా మీరు రండి, ఓపీ చీటీ మీ పేరు మీదే రాయించుకోండి.