చల్లటి నీళ్లలో ఇద్దరే: తెరచాప ప్రయాణం మీద అపోహలు - వాస్తవాలు

కెనడాలోని క్వెబెక్ నగరంలో తెరచాప పడవ నడపడం నేర్పడం నా పని. వేసవి వస్తే మా ఆయనా నేనూ ఇక్కడి నుంచి సెయింట్ లారెన్స్ నది మీదుగా, అది సముద్రంలో కలిసే వైపున్న గాస్పే దాకా వెళ్ళి వస్తుంటాం. ఇద్దరమే. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడిగేవీ, నేర్చుకోవడానికి వచ్చే జంటలు అడిగేవీ దాదాపు ఒకే ప్రశ్నలు.

అపోహ: అది నదే కదా, సముద్రమంత భయం ఉండదు.

పేరుకే నది. క్వెబెక్ దగ్గర పెద్ద పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం ఐదారు మీటర్లు మారుతుంది. ఇల్ ఓ కూద్ర్ ద్వీపం పక్కన నీటి వడి మా ఇంజిన్ వేగానికి తీసిపోదు. వేళ తప్పి వెళ్ళామా, ఇంజిన్ ఎంత గట్టిగా తిప్పినా ఒడ్డున కనిపించే చర్చి గోపురం అక్కడే ఉంటుంది. సముద్రం వైపు లాగే ఆటుకు ఎదురుగా ఈశాన్యపు గాలి లేస్తే అలలు నిటారుగా, దగ్గర దగ్గరగా వచ్చి పడవను కుదిపేస్తాయి. అందుకే మేం ముందు ఆటుపోట్ల పట్టిక చూస్తాం, గాలి సంగతి ఆ తర్వాత.

అపోహ: ఆ నీళ్లలో పడితే రెండు నిమిషాల్లో గడ్డకట్టి పోతారు.

నీళ్లు చల్లనే. సముద్రం అడుగున 300 మీటర్లకు పైగా లోతున్న ఒక లోయ ఈ నది ఒడ్డునున్న టాడుసాక్ అనే ఊరి దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. అడుగున ఉన్న చల్లటి నీరు అక్కడ పోటుతో పైకి తన్నుకొస్తుంది. జూలైలో కూడా అది పది డిగ్రీలు దాటడం అరుదు. కానీ ముందుగా ప్రాణం తీసేది ఒళ్ళు చల్లబడటం కాదు. మానిటోబా విశ్వవిద్యాలయంలో చలి మీద పరిశోధన చేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని 1-10-1 అని గుర్తుంచుకోమంటారు. మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాసలో నీళ్లు మింగేస్తాం. తర్వాత ఓ పది నిమిషాలు చేతులు పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి సుమారు గంట పడుతుంది. లైఫ్‌జాకెట్ ఆ మొదటి నిమిషం కోసమే. గాలి పెరిగాక వేసుకుందాంలే అనుకోకూడదు, రేవులో తాడు విప్పకముందే వేసుకోవాలి.

అపోహ: ఆయనకి వస్తే చాలు, నేను వంట చూసుకుంటాను.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా భయం వేస్తుంది. నీళ్లలో పడింది ఆయనే అయితే?

మొదటిసారి మేం రేవులోనే, మంచి ఎండలో సాధన చేశాం. మా ఆయన వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు దుస్తులు) వేసుకుని పడవ పక్కన నీళ్లలో వేలాడాడు, నాకు ఏ సాయమూ చేయకుండా. జాకెట్ పట్టీ పట్టుకుని లాగితే భుజాల దాకా కూడా లేవలేదు. తర్వాత తెరచాప ఎత్తే తాడు తెచ్చి, దాని కొక్కెం జాకెట్ రింగుకి తగిలించి, వించ్ (తాడు చుట్టి బరువు లాగే చక్రం) తిప్పి పైకి తీశాను. మొత్తం ఇరవై నిమిషాలు. చేతులు పనిచేసేది పదే అని అప్పటికే నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఎవరు ఎవర్ని తీసినా ఆరు నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే ప్రతి వేసవి మొదట్లో మళ్ళీ చేస్తాం.

నా దగ్గరికి వచ్చే జంటలకి ఇదే చెబుతాను. తెరచాప దించడం, పడవ ఆపడం, రేడియోలో 16వ ఛానెల్ మీద సాయం అడగడం, ఇవన్నీ ఇద్దరికీ ఎవరికి వాళ్ళుగా వచ్చి తీరాలి. మా పడవలో ఒకరోజు ఆయన కెప్టెన్, ఒకరోజు నేను. రాత్రిళ్ళు మూడేసి గంటల కాపలా. కేబిన్ తలుపు దాటకముందే జాకెట్ రింగుకి రక్షణ తాడు తగిలించుకోవాలి. రెండోవాళ్ళని లేపకుండా పడవ ముందు భాగానికి అడుగు వేయకూడదు, ఎంత చిన్న పనైనా సరే.

అపోహ: ఫ్రెంచ్ రాకపోతే కష్టం.

కోస్ట్ గార్డ్ ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండు భాషల్లోనూ పలుకుతుంది. అయినా ఓ నాలుగు మాటలు నేర్చుకోండి: బ్రుయార్ అంటే పొగమంచు, మారే అంటే ఆటుపోట్లు, నూ అంటే నాట్లు (గాలి, పడవల వేగం కొలిచే లెక్క), కూ ద్ వాన్ అంటే 34 నాట్లు దాటిన గాలి. రేవులో బోంజూర్ అని మొదలుపెడితే తాడు అందుకోవడానికి ఎవరో ఒకరు వస్తారు.

అపోహ: జీపీఎస్ ఉంటే పొగమంచుతో టెన్షన్ లేదు.

జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెబుతుంది, ఎదురుగా ఏముందో చెప్పదు. చల్లటి నీటి మీదికి వెచ్చటి గాలి వస్తే క్షణాల్లో పొగమంచు కమ్ముతుంది, ఆ దారిలోనే పెద్ద సరుకు ఓడలు తిరుగుతాయి. 1914 మే 29న ఈ నది ఒడ్డునున్న రిమూస్కీ ఊరి దగ్గర పొగమంచులో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లండ్ ఓడను ఇంకో ఓడ ఢీకొట్టింది. ఎంప్రెస్ పద్నాలుగు నిమిషాల్లో మునిగింది, వెయ్యి మందికి పైగా పోయారు. పొగమంచు ఉంటే మేం బయల్దేరం. నిరుడు రిమూస్కీ రేవులో రెండు రోజులు అలాగే ఆగిపోయాం. కిటికీ అద్దాల మీద లోపలి తేమ కారుతుంటే తుడుచుకుంటూ, పప్పుచారు కాచుకుని తిన్నాం. మూడో రోజు ఉదయం ఎదురు ఒడ్డు కనిపించాకే తాడు విప్పాం.