పాత బోనవిల్: అపోహలు - వాస్తవాలు

ఇది ఇంగ్లండ్‌లో కోవెంట్రీ దగ్గర మెరిడెన్ ఫ్యాక్టరీలో 1959 నుంచి తయారైన ట్రయంఫ్ బోనవిల్ టీ120 మోటార్‌సైకిల్ గురించి. 649 సీసీ, రెండు సిలిండర్లు, కిక్ స్టార్ట్. నేను ఎక్కువగా విప్పేది 1963 తర్వాతివే, అంటే ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే కేసులో ఉండేవి. కొనాలనుకునే మనవాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ అటూ ఇటూగా ఇవే.

అపోహ: బ్రిటిష్ బండి అంటే ఆయిల్ కారాల్సిందే. కారకపోతే లోపల ఆయిల్ లేనట్టే.

ఈ జోకు వినీ వినీ విసుగొచ్చింది. క్రాంక్‌కేసు, అంటే ఇంజన్ కింది గుల్ల, నిలువుగా రెండు ముక్కలుగా ఉంటుంది, అతుకు ఇంజన్ అడుగుదాకా వస్తుంది. కాబట్టి కారే అవకాశం ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కారుతూ వచ్చే బళ్ళలో చాలావాటికి అసలు కారణం పాత మెకానిక్కులు. కేసు ఊడి రావడానికి స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదోస్తారు. అల్యూమినియం మీద గాటు పడుతుంది. దాని మీద ఎంత సీలెంట్ పూసినా ఆగదు, ఆ ముఖాన్ని మళ్ళీ చదును చేయాల్సిందే. పుష్‌రాడ్ ట్యూబుల (వాల్వులను కదిలించే కడ్డీలుండే గొట్టాల) రబ్బరు రింగులు సరైన మందంవి వేయకపోయినా కారుతుంది.

ఇంకోటి. ఇందులో ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది. బండిని నెలల తరబడి నిలబెడితే అది పంపు దాటి ఇంజన్ అడుగుకి దిగిపోతుంది. అప్పుడు కిక్ కొడితే బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ గాలి వదిలే గొట్టం) కక్కేస్తుంది. అది లీకేజీ కాదు, బండిని తీయకపోవడం.

అపోహ: ఆయిల్ టైముకి మారిస్తే ఇంజన్ విప్పక్కర్లేదు.

నేను చూసినంతలో ఇంజన్లు పాడయ్యేది ఎక్కువగా ఈ నమ్మకంతోనే. టీ120లో పేపర్ ఫిల్టర్ లేదు, జల్లెడలే. సన్నని మడ్డి వాటిలోంచి జారిపోతుంది. దాన్ని పట్టడానికి క్రాంక్‌షాఫ్ట్ లోపలే ఒక గొట్టం పెట్టారు, స్లడ్జ్ ట్రాప్ అంటారు. క్రాంక్ తిరిగే వేగానికి మడ్డి వెళ్ళి ఆ గొట్టం గోడకి అంటుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నిండిపోయి, బిగ్ ఎండ్ బేరింగులకు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చోటివి) ఆయిల్ అందదు. ఆ తర్వాత కనెక్టింగ్ రాడ్ పనీ అయిపోతుంది.

దీన్ని శుభ్రం చేయాలంటే ఇంజన్ మొత్తం దింపాలి. క్రాంక్ చివరి ప్లగ్గు కదలకుండా సుత్తితో గుద్ది ఉంటుంది, ముందు ఆ గుద్దిన చోట డ్రిల్ చేయాలి. ఫ్లైవీల్ బోల్టుల్లో ఒకదాని కొన గొట్టాన్ని పట్టుకుని ఉంటుంది. అది తీయకుండా లాగితే గొట్టం చినుగుతుంది. బయటికొచ్చిన మడ్డి ఎండిన చెరువు మట్టిలా గట్టిగా ఉంటుంది, గీకితే గానీ రాదు. అందుకే ‘ఇంజన్ రీబిల్డ్ చేయించాం’ అనే ఓనర్‌ని నేను మొదట అడిగేది పిస్టన్ల గురించి కాదు, స్లడ్జ్ ట్రాప్ తీశారా అని.

అపోహ: లూకాస్ కరెంటు పనులు నమ్మలేం.

ఈ బండి కరెంటు సామాన్లు తయారుచేసిన లూకాస్ కంపెనీకి ‘చీకటి యువరాజు’ అని పేరు పెట్టారు. నిజానికి నాకు కనిపించే సమస్యలు ఎక్కువగా తుప్పు పట్టిన కనెక్టర్లు, ఎర్త్ సరిగా లేకపోవడం, మధ్యలో ఎవరో టేపు చుట్టి అతికిన వైర్లు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: 60ల బళ్ళలో బ్యాటరీ ప్లస్ వైపే ఎర్త్. అలవాటు కొద్దీ మైనస్‌ని ఫ్రేముకి కలిపితే రెక్టిఫయర్ (ఏసీ కరెంటుని డీసీగా మార్చేది) పోతుంది.

అపోహ: రెండు సిలిండర్లు కదా, వైబ్రేషన్ తక్కువే ఉంటుంది.

రెండు పిస్టన్లూ కలిసే పైకెళ్ళి కలిసే దిగుతాయి. కాబట్టి ఊపు విషయంలో ఇది పెద్ద సింగిల్ సిలిండర్ లాంటిదే. నట్లు వదులవుతాయి, ఇంజన్ పైన రాకర్ బాక్సు మీది మూతలు ఊడి దారిలో పడిపోతాయి. ప్రతి రైడ్ తర్వాత ఒకసారి చేత్తో తడిమి చూడాలి. 2001లో ట్రయంఫ్ హింక్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బోనవిల్‌లో ఊపు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులున్నాయి. దాన్ని నడిపి పాతదీ అలాగే ఉంటుందనుకోకండి.

అపోహ: స్పేర్లు దొరకవు.

దొరుకుతాయి. ఈ బండికి వాడే అమాల్ కంపెనీ కార్బురేటర్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. టెన్షన్ నాణ్యతతోనే, చవక నకిలీ పార్టు కొలత ఎప్పుడూ కాస్త తేడా. మీ దగ్గరున్న మిల్లీమీటర్ స్పానర్లూ పనికిరావు. 60ల చివరిదాకా విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతలు, తర్వాత మెల్లగా యూఎన్ఎఫ్ అనే అంగుళాల కొలతలు. దగ్గరగా సరిపోయిందని పెట్టి తిప్పితే నట్టు మూలలు గుండ్రమవుతాయి.

అపోహ: టీ120 అంటే గంటకు 120 మైళ్ళు.

పేరు పెట్టింది ఆ ఆశతోనే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి అంత వెళ్ళదు. ముందు డ్రమ్ బ్రేక్ చూశాక మీరే వెళ్ళరు.

అపోహ: కాగితాల్లో నంబర్లు కలిస్తే బండి ఒరిజినల్.

ఇంజన్ నంబరూ ఫ్రేమ్ నంబరూ ఒకటే ఉండాలి, నిజమే. కానీ నంబర్లు కొట్టడం ఎంతసేపు? 1969 నుంచి ఇంజన్ నంబరు కొట్టే చోట వెనక చిన్న చిన్న ట్రయంఫ్ గుర్తులు అచ్చువేశారు. గ్రైండర్‌తో గీస్తే అవి పోతాయి. టార్చి వేసి పక్కవాటుగా చూడండి, అక్కడ నున్నగా ఉంటే బేరం ఆపేయండి.

ఇండియాలో 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నుంచి ‘వీఏ’ సిరీస్ రిజిస్ట్రేషన్ ఉంది, ఫీజు 20,000 రూపాయలు. కాకపోతే దాని మీద రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి వీల్లేదు.