విద్యార్థి నాటకంలో పాట, ఆట: గంజాం జిల్లా వాదన వెనుక కథ

యువజనోత్సవాలు దగ్గరపడేసరికి, ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం చుట్టుపక్కల తెలుగు విద్యార్థులు కట్టే నాటకాల్లో పాటకూ నాట్యపు అడుగుకూ చోటుండాలా అన్న వాదన మళ్ళీ రాజుకుంది. సురభి వైభవం, హరిశ్చంద్ర పద్యాలు అందరికీ తెలిసిన కథే. అసలు మలుపు విశ్వవిద్యాలయ పోటీల నియమావళిలో ఉంది.

1954లో ఢిల్లీలో మొదలైన అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవ సంప్రదాయాన్ని ఇప్పుడు భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతోంది. ఆ పోటీల్లో సంగీతం, నృత్యం, రంగస్థలం వేర్వేరు విభాగాలు. ఏకాంకికకు 30 నిమిషాల గడువు, 9 మంది నటులు, వాద్యం వంటివి చూసుకునే 3 సహకారులు మాత్రమే. నాటకంలో పాడకూడదని ఎవరూ శాసించలేదు. అయితే గొంతున్న పిల్లలను గానపోటీకి, లయ తెలిసినవారిని జానపద నృత్యబృందానికి ఎంచుకున్నాక నాటకానికి మిగిలేది సంభాషణ చెప్పగలవారే. ఏటేటా సాగిన ఈ పంపకమే, నాటకమంటే మాటేనన్న సిద్ధాంతంగా స్థిరపడిందని నా అభిప్రాయం.

పాట వద్దనే అధ్యాపకుల మాటలోనూ న్యాయముంది. పద్యనాటకాల్లో రాగాలాపన సాగి, వన్స్‌మోర్‌ల మధ్య కథ నిలిచిపోయిన రోజులుండేవి. అరగంటలో ఆ తప్పు జరిగితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

కానీ ఆ భయంతో పాటను పూర్తిగా వదులుకోవడం ఈ నేలకు పొసగదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాంలో ఒడియా, తెలుగు రంగస్థల సంప్రదాయాలు ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. ఇక్కడి ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు మెట్లమెట్లుగా కట్టిన ఎత్తైన వేదిక మీదినుంచి మృదంగం దెబ్బకు అడుగు కలుపుతూ దిగుతాడు. పక్కన నిలిచిన గాహకుడు కథను పాటగా నడుపుతుంటే రాజు కోపం కాళ్ళలో, భుజాల్లో కనబడుతుంది. అక్కడ పాట తీసేస్తే కథ ముందుకు కదలదు. సరిహద్దు దాటితే శ్రీకాకుళం వైపు తూర్పు భాగవతమనే జానపద నృత్యనాటకంలో సత్యభామకు మద్దెల కూడా అంతే అవసరం. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన విద్యార్థులు అడుగుతున్నది సినిమా పాటల రికార్డు కాదు, తాము చూస్తూ పెరిగిన ఆ పద్ధతి.

అందుకే ఇప్పటి తగవు చివరకు ఒక్క చిన్న లెక్క దగ్గర ఆగుతోంది: వేదికపై నిలిచి పాడుతూ కథ చెప్పే గాహకుణ్ణి 9 మంది నటుల్లో చేర్చాలా, 3 సహకారుల్లోనా? అతను పాత్రలను పలకరిస్తాడు, వాళ్ళు అతనికి బదులిస్తారు గనుక నటుడేనని విద్యార్థులు వాదిస్తున్నారు. సహకారుల్లో చేరిస్తే మృదంగానికి, తాళానికి కలిపి మిగిలేది రెండు చోట్లే.