నీటిమొక్కల తొట్టె: మట్టికన్నా ముందు నీటిని చూడాలి

చెన్నైలో మొక్కలతో ఆక్వేరియం పెట్టదలచినవారు సాధారణంగా కొళత్తూరు అంగళ్లకు వెళ్లి ముందు మొక్కలను, తరువాత మట్టిని, చివరకు ఎరువు సీసాను కొంటారు. ఈ వరుసను తిరగేయాలని నా అభిప్రాయం, ఎందుకంటే మట్టి, ఎరువు రెండూ ఇంట్లో వచ్చే నీటిని బట్టే పనిచేస్తాయి. కండలేరు నుంచి కాలువ వెంట పూండికి చేరే కృష్ణా నీటికీ, అపార్ట్‌మెంటు బోరు నీటికీ చాలా తేడా ఉంటుంది. తీరానికి దగ్గరి బోర్లలో చాలాచోట్ల కాఠిన్యంతో (కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే గుణంతో) పాటు ఉప్పదనం కూడా కనిపిస్తుంది.

సముద్రపు ఇసుకను ఎంత కడిగినా వాడకూడదు. కడిగితే ఉప్పు పోతుంది గాని గవ్వల నలుసులు పోవు. పిడికెడు ఇసుక మీద నిమ్మరసం పిండినప్పుడు సన్నని బుడగలు వస్తే అందులో కాల్షియం కార్బొనేట్ ఉన్నట్లే. అది నెమ్మదిగా కరిగి, నీటి కాఠిన్యాన్నీ, ఆమ్ల క్షార స్థాయిని తెలిపే పీహెచ్‌నూ పెంచుతుంది. పాలరాతి ముక్కలకూ ఇదే పరీక్ష చాలు.

నల్లరేగడి పోషకాలను పట్టి ఉంచుతుందని మన రైతులకు తెలుసు. బంకమట్టి రేణువుల మీద ఉండే ఋణావేశం అమ్మోనియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లను ఆకర్షించి నిలుపుకుంటుంది, వేర్లు వాటిని కొద్దికొద్దిగా అందుకుంటాయి. ఇసుకకూ గులకరాళ్లకూ ఈ గుణం దాదాపు లేదు. అయితే రేగడిని నేరుగా వేస్తే నీరు బురదగా మారుతుంది గనుక, తొట్టెల కోసం మట్టిని గుళికలుగా కాల్చి అమ్ముతారు. ఈ గుళికల మట్టి నీటిలోని సున్నాన్ని పట్టుకుని పీహెచ్‌ను తగ్గిస్తుంది, కాని కఠినమైన బోరు నీటిలో ఆ శక్తి త్వరగా ఖర్చయిపోతుంది. పైగా అలాంటి మట్టి చాలావరకు మొదటి వారాల్లో అమ్మోనియాను వదులుతుంది. నీరు 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో ఒక శాతం లోపే చేపలకు విషమైన రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే అది 7 శాతం దాటుతుంది. చెన్నై ఎండాకాలంలో తొట్టె నీరు సులభంగా అంత వేడెక్కుతుంది కనుక, అమ్మోనియా సున్నాకు వచ్చేవరకు చేపలను వదలకూడదు.

బోరు నీరే దిక్కైన ఇంటికి నేను సూచించేది 2, 3 మిల్లీమీటర్ల గులకరాళ్లను 5 నుంచి 7 సెంటీమీటర్ల మందంలో పరచి, వేర్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చడం. మరీ మెత్తని ఇసుక బిగుసుకుపోయి, లోపల ప్రాణవాయువు అందక కుళ్లిన గుడ్ల వాసన పుట్టవచ్చు. వాలిస్‌నేరియా అనే మొక్క నీటిలోని బైకార్బొనేట్ నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలదు, అందుకే కఠిన జలంలో హాయిగా పెరుగుతుంది. జావా ఫెర్న్, అనూబియాస్‌లను మాత్రం రాయికో కొయ్యకో కట్టాలి. వాటి దుంపకాండాన్ని పాతిపెడితే కుళ్లిపోతుంది.

నీటిలో వేసే ఎరువుల్లో రైతులు 13-0-45 అనే పొటాషియం నైట్రేట్, 0-52-34 అనే మోనో పొటాషియం ఫాస్ఫేట్ తొట్టెకూ పనికొస్తాయి, అదీ బహు స్వల్ప మోతాదులో. యూరియా, డీఏపీలు అమ్మోనియాను పుట్టిస్తాయి కనుక వద్దు. ఏది కొరవడిందో ఆకులే చెబుతాయి. నత్రజని తక్కువైతే మొక్క ముదురు ఆకుల నుంచి దానిని లాగి చిగురుకు పంపుతుంది, అందువల్ల ముదురు ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము అలా కదలదు. అది తక్కువైతే లేత ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ భాగం పాలిపోతుంది.

ఇనుము విషయంలోనే నీటి ప్రభావం స్పష్టంగా బయటపడుతుంది. ఎరువుల్లో ఇనుము నీటిలో కరిగి ఉండేలా దానిని ఈడీటీఏ, డీటీపీఏ వంటి రసాయనాలతో బంధిస్తారు. ఈడీటీఏతో బంధించిన ఇనుము పీహెచ్ సుమారు 6.5 దాటాక నిలవలేక, మొక్కకు అందని తుప్పుగా మారుతుంది. డీటీపీఏతో బంధించినది 7.5 వరకు నిలుస్తుంది. మా బోరు నీటి తొట్టెలో మొదటి రకాన్ని నెలల తరబడి పోసినా చిగుళ్లు తెల్లగానే వచ్చాయి, మోతాదు పెంచినా అంతే. రెండో రకానికి మారాక కొద్ది వారాల్లో రంగు తిరిగింది. ఫలితాన్ని చూడవలసింది ఇప్పటికే పాలిపోయిన ఆకులో కాదు, ఆ తరువాత విచ్చే ఆకులో.